కార్న్‌వాల్‌లో ‘కుక్కతో నది పక్కన నడక’ ప్యాకేజీ కొంటున్నారా? ఆగండి

యూకేలో ఉంటూ, సెలవులకి కుక్కను కూడా వెంటబెట్టుకుని కార్న్‌వాల్ వెళ్దామనుకుంటున్న మనవాళ్ళకి ఈ హెచ్చరిక. బిస్సో నుంచి డెవొరాన్ దాకా కార్నన్ నది పక్కన నడిచే దారికి ఆన్‌లైన్‌లో ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మేం 42 పౌండ్లు కట్టాం. మీరు దయచేసి కట్టకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, అందులో రాసింది నమ్మితే కుక్క ప్రాణం మీదికి రావచ్చు.

ఆ డబ్బుకి వచ్చింది ఒక మ్యాపు, ‘రిజర్వ్‌డ్ పార్కింగ్’ అని ఒక కాగితం. తీరా వెళ్తే అది ఎవరైనా బండి పెట్టుకునే చోటే. దారి కూడా అంతే. పోర్ట్‌రీత్ నుంచి డెవొరాన్ దాకా 11 మైళ్ళు సాగే కోస్ట్ టు కోస్ట్ బాటలో ఇదొక ముక్క, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

ఇంతవరకైతే పోనీలే అనుకునేవాళ్ళం. కానీ మ్యాపులో నది మీద మూడు చోట్ల పాదం గుర్తు వేసి, ‘మీ కుక్క ఈత కొట్టి, దాహం తీర్చుకునే చోట్లు’ అని రాశారు. అది చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ లోయంతా పాత రాగి, తగరం గనుల ప్రాంతం. మూతబడ్డ గనుల్లో సల్ఫైడ్ రాయికి గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతుంది, అది లోహాలను కరిగించుకుని నదిలోకి వస్తుంది. వీల్ జేన్ గని 1991లో మూతపడి పంపులు ఆపేశాక, 1992 జనవరిలో లోపల నిండిన నీళ్ళు ఒక్కసారిగా బయటపడి నది, ఫాల్ నదీముఖం నారింజ రంగుకి మారిపోయాయి. తర్వాత శుద్ధి కేంద్రం పెట్టారు, మంచిదే. కానీ వందల ఏళ్ళ నాటి గనుల నీటిని బయటికి పంపే సొరంగాలు ఇంకా ఇదే నదిలోకి పారుతున్నాయి. పైగా బిస్సో దగ్గర ఒకప్పుడు ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని శుద్ధి చేసేవారు. అప్పట్లో ఆ పనివాళ్ళు ముక్కుల్లో దూది కుక్కుకుని, ముఖానికి మట్టి పూసుకుని పనిచేసేవారట. అలాంటి నేల మీద నడిచిన కుక్క ఇంటికొచ్చి పాదాలు నాక్కుంటుంది కదా!

మొదటి గుర్తు దగ్గర ఒడ్డు రాళ్ళకి తుప్పు రంగు పొర పట్టి ఉంది, వేలితో గీస్తే మెత్తగా ఊడొచ్చింది. మా బంటి మూతి నీళ్ళ దాకా పెట్టింది కూడా. అటుగా తన కుక్కతో వెళ్తున్న ఒక పెద్దావిడ ‘వద్దు వద్దు, ఇక్కడివాళ్ళం ఎవరం తాగనివ్వం’ అని అరిచింది. వెంటనే లీష్ లాగేశాం. ఆవిడ చల్లగా ఉండాలి.

అమ్మినవాళ్ళకి రాస్తే ‘డిజిటల్ సరుకు, రిఫండ్ లేదు’ అని ఒక్క లైను జవాబు. గుర్తులు తీసేయమని అడిగితే దానికి జవాబే లేదు.

ఇప్పటికే కొన్నవాళ్ళు వాళ్ళ మాట విని ఊరుకోకండి. డిజిటల్ సరుకైనా చెప్పిన వివరణకు తగ్గట్టు ఉండాలని 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ చెబుతోంది. అమ్మినవాళ్ళు మాట తప్పితే క్రెడిట్ కార్డు కంపెనీనే డబ్బు అడిగే హక్కు, అంటే సెక్షన్ 75 రక్షణ, 100 పౌండ్లు దాటిన వస్తువులకే. కాబట్టి కట్టిన డబ్బుని అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి రప్పించే ‘ఛార్జ్‌బ్యాక్’ కోసం బ్యాంకుని అడగండి. ప్రకటన మార్చేలోపే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజెన్స్ అడ్వైస్ సంస్థకి చెబితే, మోసపు అమ్మకాల మీద చర్య తీసుకునే ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారుల దాకా వెళ్తుంది, మేమూ చెప్పాం.

దారి మాత్రం నిజంగా బాగుంటుంది. పాత రైలు కట్ట కాబట్టి ఎక్కడా పెద్ద ఎత్తు లేదు, పెద్దవాళ్ళు కూడా సులువుగా నడవచ్చు. లోయ మీదుగా వెళ్ళే ఎత్తైన రైలు వంతెన, కార్నన్ వయాడక్ట్ కింద నిలబడితే పక్కనే పాత వంతెన రాతి స్తంభాలు కనిపిస్తాయి. వెళ్ళండి, ఉచితంగానే వెళ్ళండి. కుక్కకి ఇంటి నుంచే నీళ్ళు, గిన్నె పట్టుకెళ్ళండి, లీష్ వదలకండి, గడ్డి మొలవని బోడి గని దిబ్బల మీదికి పోనివ్వకండి, కారెక్కించే ముందు పాదాలు కడిగి తుడవండి.