తెలంగాణ నియోజకవర్గాల గోడ మ్యాప్: అంతా బాగుంది, పాతబస్తీ దగ్గరే చిక్కు

గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ఖమ్మంలో మా ఇంట్లోనే పాలిటీ చెప్తుంటాను. వాళ్ళ కోసమే ఈ లామినేషన్ మ్యాప్ కొన్నా, 350 రూపాయలు. గొట్టంలో చుట్టి పంపారు. గోడకు పెడితే మళ్ళీ చుట్టుకుపోయేది. నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి రెండు రోజులు నేల మీద ఉంచితే గానీ లొంగలేదు.

ప్రింటుకు వంక పెట్టలేం. 33 జిల్లాల గీతలు మందంగా, 119 నియోజకవర్గాల గీతలు సన్నగా వేశారు. ఒకే నియోజకవర్గం రెండు జిల్లాల్లోకి ఎలా పాకిందో చూడగానే తెలుస్తుంది.

2023 ఫలితాలు చూపిద్దామని రంగుల బొట్టుబిళ్ళల ప్యాకెట్లు తెచ్చా. కాంగ్రెస్‌కి నీలం, బీఆర్‌ఎస్‌కి గులాబీ, బీజేపీకి నారింజ, మజ్లిస్‌కి ఆకుపచ్చ. మా ఖమ్మం, నల్గొండ వైపు నీలం బిళ్ళలు అంటిస్తూ పోయాం. మధ్యలో సూర్యాపేట, భద్రాచలంలో గులాబీ, కొత్తగూడెంలో సీపీఐ ఎర్రది.

హైదరాబాద్ దగ్గరికి వచ్చేసరికి అసలు బాధ మొదలైంది. 15 నియోజకవర్గాలు కలిపి నా బొటనవేలి గోరంత! మజ్లిస్ గెలిచిన ఏడింటికీ బిళ్ళలు పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కి పచ్చటి ముద్దయింది. చార్మినార్ ఏదో, యాకుత్‌పురా ఏదో దేవుడికే తెలియాలి. నగరాన్ని పెద్దది చేసి ఓ మూల వేయాలన్న ఆలోచనే రాలేదా వీళ్ళకి?

అయితే ఆ ముద్ద వల్లే పాఠం సులువైంది. "మేడమ్, సుమారు 14 శాతం ఓట్లొచ్చిన బీజేపీకి 8 సీట్లు, 2 శాతం దాటిన మజ్లిస్‌కి 7. ఇదేం లెక్క?" అన్నాడొక కుర్రాడు. ముద్ద మీద వేలు పెట్టి చూపించా. మజ్లిస్ నిలబడిందే 9 చోట్ల, ఓట్లన్నీ పక్కపక్క వీధుల్లోనే. బీజేపీ 111 చోట్ల పోటీ చేసింది, ఓట్లు రాష్ట్రమంతా చెదిరాయి. గెలిచిన ఎనిమిదిలో ఏడు పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లోనివే. అంటే అదీ గుంపు కట్టిన చోటే గెలిచింది.

కాంగ్రెస్, బీఆర్‌ఎస్‌ల మధ్య తేడా రెండు శాతమే. సీట్లు మాత్రం 64, 39. హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్ ఒక్కటీ గెలవకపోయినా ఊళ్ళ వైపు ఊడ్చేసింది.

ఇంకో లోపం, ఓటర్ల సంఖ్య ఎక్కడా వేయలేదు. శేరిలింగంపల్లిలో 2023కి 7 లక్షలకు పైగా ఓటర్లు, భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. మ్యాప్‌లో చూస్తే భద్రాచలం గోదావరి పొడవునా సాగి ఉంటుంది, శేరిలింగంపల్లి చుక్క. ఇద్దరూ పంపేది ఒక్కో ఎమ్మెల్యేనే. ఇది తెలియని పిల్లలు పెద్ద రంగు చూసి పెద్ద పార్టీ అనుకుంటారు.

షాపుకి ఫోన్ చేస్తే, "హైదరాబాద్ మ్యాప్ వేరే ఉందండీ, 180" అన్నాడు. కొనలేదు. మా పిల్లల్లో ఒకమ్మాయి చార్ట్ మీద నగరాన్ని చేత్తో గీసిచ్చింది. పచ్చ బిళ్ళల పక్కనే గోషామహల్‌లో నారింజ బిళ్ళ ఇప్పుడు చక్కగా కనిపిస్తోంది. మ్యాప్‌కి మూడు స్టార్లు, చార్ట్‌కి అయిదు.