పైథాన్‌లో ఫైలు చదవడం: మొత్తం ఒక్కసారా, లైను తర్వాత లైనా? ఏది మేలు?

పైథాన్ నేర్చుకుంటున్నవారు, ముఖ్యంగా అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని కోచింగ్ సెంటర్లలో ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవారు, తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఫైలును ‘రీడ్’తో ఒక్కసారిగా తెచ్చుకోవడం మేలా, ‘ఫర్’ లూప్‌లో లైను తర్వాత లైనుగా చదవడం మేలా? ‘విత్ ఓపెన్’ వాడకం, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-8 అని విడిగా చెప్పవలసిన అవసరం పాఠకులకు తెలిసినవే కనుక నేరుగా పోలికలోకి వెళ్తాను.

చిన్న ఫైలుకు రీడ్, పెద్ద ఫైలుకు ఫర్ అన్నది అందరూ చెప్పే జవాబు. అది తప్పు కాదు గానీ, డిస్క్‌మీద ఫైలు ఎంత ఉందో చూసి మెమరీలో ఎంత అవుతుందో చెప్పవచ్చన్న భ్రమ అందులో దాగి ఉంది. నా లెక్కలో ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పేది సరిగ్గా ఈ విషయమే.

2012లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) ప్రతి స్ట్రింగ్‌నూ దానిలోని అన్నిటికంటే పెద్ద కోడ్ విలువ (యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) గల అక్షరాన్ని బట్టి నిల్వ చేస్తోంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉంటే అక్షరానికి 1 బైటు, తెలుగో ఉర్దూవో ఒక్క అక్షరం కలిసినా స్ట్రింగ్ మొత్తానికి అక్షరానికి 2 బైట్లు, నవ్వే ముఖం వంటి ఎమోజీ ఒక్కటి చేరితే మొత్తానికి అక్షరానికి 4 బైట్లు పడతాయి. (పాతకాలపు గుండె గుర్తు మాత్రం 2 బైట్ల పరిధిలోనే ఉంది.) హైదరాబాద్‌లో ఇళ్లకు భోజనం చేరవేసే ఒక యాప్‌కు వచ్చే అభిప్రాయాల ఫైలును ఊహించుకోండి: తెలుగు మాటలను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేసేవారు ఎక్కువ, అక్కడక్కడ తెలుగు లిపి, ఉర్దూ లిపి, చివరన ఎమోజీలు. దాదాపు అంతా ఇంగ్లీషు అక్షరాలే ఉన్న 1 జీబీ ఫైలును రీడ్‌తో తెస్తే, ఎక్కడో ఒకరు పెట్టిన ఒక్క ఎమోజీ కారణంగా అది దాదాపు 4 జీబీల స్ట్రింగ్ అవుతుంది. బైట్లను అక్షరాలుగా మారుస్తున్నంతసేపూ, అంటే డీకోడ్ చేస్తున్నంతసేపూ, మూల బైట్లు కూడా మెమరీలోనే ఉంటాయి కనుక 8 జీబీల ల్యాప్‌టాప్ అక్కడే మొరాయించవచ్చు. అదే ఫైలును లైన్ల వారీగా చదివితే ఆ ఎమోజీ ఖరీదు దాని లైను ఒక్కటే భరిస్తుంది, లూప్ తర్వాతి లైనుకు వెళ్లగానే అదీ తీరిపోతుంది. పూర్తిగా తెలుగులో ఉన్న ఫైలు విషయంలో లెక్క తలకిందులవుతుంది: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు పడితే మెమరీలో 2 చాలు.

లైన్ల వారీగా చదివితే ప్రతి లైనుకూ డిస్క్ దగ్గరికి వెళ్లవలసి వస్తుందన్న అనుమానం చాలామందికి ఉంది. అలా జరగదు, పైథాన్ ఎలాగూ వేల బైట్లను ఒక్కసారిగా బఫర్ అనే తాత్కాలిక మెమరీలోకి తెచ్చుకుని, అందులోంచి లైన్లు విడదీసి ఇస్తుంది. కొంత వేగం రీడ్‌దేనని ఒప్పుకోవాలి గానీ, ప్రతి లైనుమీద ఏదో ఒక పని చేసే ప్రోగ్రాంలో ఆ తేడా సాధారణంగా ఆ పనిలోనే కలిసిపోతుంది.

రీడ్‌కు న్యాయంగా దక్కే చోట్లూ ఉన్నాయి. రెండు మూడు లైన్లమీదుగా సాగే నమూనాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (నమూనాలను వర్ణించే సూత్రంతో) వెతకాలంటే మొత్తం పాఠం చేతిలో ఉండాలి. జేసన్ (డేటాను రాసిపెట్టే ఒక ఫార్మాట్) ఫైలు విషయంలో అసలు ఎంపికే లేదు, ఎందుకంటే జేసన్ మాడ్యూల్‌లోని ‘లోడ్’ తానే లోపల రీడ్‌ను పిలుస్తుంది. ఇక ఫైలంతా ఒకే లైనుగా ఉంటే ఫర్ లూప్ కూడా రీడ్‌తో సమానమే. అయితే మొత్తం చదివి ‘స్ప్లిట్‌లైన్స్’తో విడగొట్టేవారు ఒకటి గమనించాలి: అది మామూలు లైను ముగింపులనే కాక యూనికోడ్‌లోని మరికొన్ని గుర్తులను కూడా లైను ముగింపులుగా తీసుకుంటుంది కనుక, లైన్ల సంఖ్య ఫర్ లూప్‌తో వచ్చినదానికి సరిపోకపోవచ్చు.

మిగిలిన మార్గాలకు ఎక్కువ చోటు ఇవ్వను. ‘రీడ్‌లైన్స్’ మొత్తాన్ని మెమరీలోకి తేవడమే కాక ప్రతి లైనుకూ విడి ఆబ్జెక్టు భారాన్ని కలుపుతుంది. ఫైలును మెమరీ భాగంలా చూపించే ‘ఎమ్‌మ్యాప్’ బైట్లనే ఇస్తుంది, డీకోడింగ్ మన పని. రీడ్‌కు సంఖ్య ఇచ్చి ముక్కలుగా చదివితే ‘క్షి’ వంటి అక్షరం, అది యూనికోడ్‌లో నాలుగు కోడ్‌పాయింట్లు (విడి సంకేతాలు) కనుక, రెండు ముక్కలకు చీలిపోయి మాటల వెతుకులాట తప్పవచ్చు.

ఫైలును మార్చి తిరిగి రాసేటప్పుడు ఫర్ వైపు నా మొగ్గు ఇంకా పెరుగుతుంది. మొత్తం చదివినవారు అదే ఫైలును రాయడానికి ‘డబ్ల్యూ’ మోడ్‌లో తెరుస్తారు. తెరిచిన క్షణంలోనే పాతది ఖాళీ అవుతుంది, రాయడం మధ్యలో ఆగితే పాతదీ మిగలదు, కొత్తదీ పూర్తికాదు. లైన్ల వారీగా చదివేవారు చదువుతున్న ఫైలుమీదే రాయలేరు కనుక వేరే ఫైలులో రాసి, అంతా అయ్యాక ఓఎస్ మాడ్యూల్‌లోని ‘రీప్లేస్’తో దాన్ని పాతదాని స్థానంలో పెడతారు. లినక్స్‌లో ఆ మార్పిడి జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకుంటే అసలు జరగదు. ఆ తాత్కాలిక ఫైలును మాత్రం మూల ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే సృష్టించాలి. అది వేరే ఫైల్‌సిస్టమ్‌లో (ఉదాహరణకు మరో డిస్క్ విభాగంలో) ఉంటే రీప్లేస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.