ట్రౌట్ లేని ఊళ్లో ట్రౌట్ గైడు శిక్షణ: చేరాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

విశాఖపట్నం ముడసర్లోవ పార్కులో ఆదివారం ఉదయాల్లో జరిగే ఫ్లై ఫిషింగ్ (కృత్రిమ పురుగును ఎరగా విసిరి చేప పట్టే పద్ధతి) శిక్షణలో చేరాలనుకునేవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, మొదటి నెలంతా అక్కడ ఎవరూ చేప పట్టరు, కనీసం కొక్కెం కూడా కట్టరు. లైన్ చివర ఎర్రటి ఊలు ముక్క కట్టి, పచ్చిక మీద విసరడం నేర్పుతారు. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయలో చాలా ఏళ్లు ట్రౌట్ గైడుగా, అంటే చల్లని కొండ నదుల్లో ఉండే ట్రౌట్ చేపను అతిథుల చేత పట్టించేవారిగా పనిచేసి, ఇంటి బాధ్యతల వల్ల విశాఖపట్నం తిరిగివచ్చిన మాస్టారు ఒక్కరే ఈ తరగతులు నడుపుతున్నారు. బోర్డు లేదు, ఆఫీసు లేదు; ఆ నోటా ఈ నోటా విని వచ్చేవారే విద్యార్థులు. మూడు నెలల శిక్షణకు 12,000 రూపాయలు తీసుకుంటారు. చివర్లో తీర్థన్ నదిపై గడిపే వారానికి అయ్యే ఖర్చు వేరు. చేప పట్టడం నేర్పేవారు మన తీరంలో చాలామందే ఉన్నారు గానీ, పక్కవాడి చేత చేప పట్టించడం ఎలాగో నేర్పేవారు నాకు ఇంతవరకూ కనిపించలేదు. ఈ శిక్షణ విలువంతా అక్కడే ఉంది కనుక దీని గురించి వివరంగా రాయాలనిపించింది.

యారాడలోనో భీమిలిలోనో రాళ్ల మీద నిలబడి పండుగప్ప కోసం గాలం వేసే అలవాటున్నవారికి ఈ పద్ధతి మొదట్లో వింతగా తోస్తుంది. అక్కడ సీసపు గుండు బరువే దారాన్ని దూరంగా లాక్కుపోతుంది. ఇక్కడ గుండు ఉండదు. ఈకలు, బొచ్చు, సన్నని దారం కలిపి చిన్న కొక్కేనికి కట్టిన కృత్రిమ పురుగును ఫ్లై అంటారు. దానికి చెప్పుకోదగ్గ బరువు ఉండదు కనుక, పైపూత వేసిన లావుపాటి లైనే తన బరువుతో దాన్ని మోసుకుపోవాలి. లైన్లకు నంబర్లు ఇచ్చేది కూడా ఈ బరువును బట్టే. ట్రౌట్‌కు ఎక్కువగా వాడే ఐదో నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే ఇంచుమించు 9 గ్రాములు తూగుతాయి. ఆ 9 గ్రాములు గాలిలో వెనక్కి వెళ్లి పూర్తిగా విప్పుకున్న తరువాతే రాడ్‌ను, అంటే గాలపు కర్రను, ముందుకు కదపాలి. అప్పుడే ఆ బరువుకు రాడ్ చక్కగా వంగి, లైన్‌ను బలంగా ముందుకు పంపుతుంది. ఆ క్షణం ఆగలేనివారి లైన్ వారి కాళ్ల దగ్గరే కుప్పగా పడుతుంది.

మాస్టారి బోధనలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఈ వెనక విసురు మీద ఆయన పెట్టే శ్రద్ధ. చేప ముందు ఉంటుందన్న ధ్యాసతో కొత్తవారందరూ ముందుకే చూస్తారు, తప్పు మాత్రం వీపు వెనక జరుగుతూ ఉంటుంది. అందుకని ఆయన విద్యార్థిని పక్కకు తిప్పి నిలబెట్టి, రాడ్‌ను నడుము ఎత్తులో నేలకు సమాంతరంగా ఆడించమంటారు. అలా చేసినప్పుడు లైన్ ఇటూ అటూ విప్పుకోవడం మొత్తం కళ్లెదుటే కనిపిస్తుంది. లైన్ మడత ఇరుకుగా సాగితే రాడ్ కొన తిన్నగా నడిచిందని, వెడల్పుగా సాగితే కొన గోపురంలా వంపు తిరిగిందని ఎవరూ చెప్పకుండానే విద్యార్థికి అర్థమవుతుంది. తరగతి మామూలుగా ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకే జరుగుతుంది. ఆ తరువాత సముద్రపు గాలి లేస్తుంది. అయితే రెండో నెలలో కొన్ని తరగతులను కావాలనే గాలి లేచాక పెడతారు. కొండ లోయల్లో ఎండ ఎక్కేకొద్దీ గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుంది. నదిలో ఎగువకు ముఖం పెట్టి విసిరేవారికి అది వీపు మీదికి వస్తుంది, అంటే వెనక విసురే గాలికి ఎదురీదవలసి వస్తుంది. ముడసర్లోవ గాలిని తీర్థన్ గాలికి సన్నాహంగా వాడుకోవాలన్న ఆలోచన, ఆ రెండు చోట్లా నిలబడి పనిచేసినవారికి తప్ప తట్టేది కాదు.

రెండో నెల సగం నుంచి శిక్షణ తీరు మారుతుంది. అంతవరకూ నేర్చుకున్నవారు అప్పటి నుంచి నేర్పాలి. ప్రతి తరగతికీ రాడ్ ఎన్నడూ పట్టని ఒకరిద్దరిని, ఎక్కువగా విద్యార్థుల ఇళ్లలోని పిల్లలనో పెద్దలనో, మాస్టారు రప్పిస్తారు. ఆయన పెట్టే కట్టుబాట్లు కొన్నే గానీ చాలా కఠినమైనవి. అతిథి చేతిలోని రాడ్‌ను గైడు లాక్కుని చేసి చూపించకూడదు. ఒకసారికి ఒక్క లోపమే దిద్దాలి. ఏం చేయకూడదో చెప్పడం మాని, ఏం చేయాలో చెప్పాలి. నేను చూసిన ఒక తరగతిలో, ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు పదో తరగతి కుర్రాడికి నేర్పుతున్నారు. కుర్రాడు ప్రతి విసురుకూ మణికట్టును వెనక్కి విరిచేయడంతో లైన్ వెనక గడ్డిలో పడుతోంది. ఆమె మణికట్టు గురించి, మోచేయి గురించి, నిలబడే తీరు గురించి ఒకే ఊపులో చెప్పుకుపోతుంటే మాస్టారు దగ్గరకు వచ్చి, “ఒక్కటే చెప్పండమ్మా, మిగతావి వచ్చే వారానికి కూడా ఉంటాయి” అన్నారు. ఆమె కాసేపు ఆలోచించి, ఇంకేమీ చెప్పకుండా, తన చేతిరుమాలుతో రాడ్ పిడి అడుగు భాగాన్ని కుర్రాడి ముంజేతికి వదులుగా కట్టారు. ఇక మణికట్టు విరవాలన్నా విరగదు. నాలుగైదు విసురులకే లైన్ వెనక గాలిలో తిన్నగా సాగింది. “మేడమ్, ఇప్పుడు చేతికి బరువు తెలుస్తోందండీ!” అని కుర్రాడు అరిచాడు. ఆ బరువు తెలియడమే ఈ విద్యకు మొదటి మెట్టు. వంద మాటలు చెప్పినా రానిది అక్కడ చేతిరుమాలుతో వచ్చింది. గైడు పని అంటే ఏమిటో నాకు ఆ ఉదయం స్పష్టంగా తెలిసింది.

ట్రౌట్ గురించిన పాఠాలు వారం మధ్యలో సాయంత్రం వేళ, ఎంవీపీ కాలనీలో మాస్టారి ఇంటి డాబా మీద జరుగుతాయి. ఇవి నిజంగా నిండైన పాఠాలు. ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ చేప ఇబ్బంది పడుతుంది. అలాంటి నీటిలో పోరాడి అలసిన చేపను వదిలిపెట్టినా బతుకుతుందన్న నమ్మకం ఉండదు కనుక, నీటి వేడిని కొలిచి, అవసరమైతే ఆ రోజుకు పని ఆపేయడం గైడు బాధ్యతని ఆయన మొదటి రోజే చెబుతారు. మన దేశపు ట్రౌట్ మన దేశపుది కాదని కూడా చెబుతారు. బ్రౌన్ ట్రౌట్‌ను 1900 ప్రాంతంలో బ్రిటిష్‌వారు కాశ్మీర్‌కు తెచ్చి పెంచారు, ఆ తరువాతి పదేళ్లలోపు కులూ ప్రాంతానికీ అది చేరింది. హిమాలయ నదుల్లో అంతకుముందు నుంచీ ఉన్న స్నో ట్రౌట్ పేరులో ట్రౌట్ ఉన్నా, అది కార్పు (బొచ్చె, శీలావతి వంటి) జాతులకు చెందిన చేప. అతిథి అడిగినప్పుడు ఈ తేడా చెప్పలేని గైడు ఆ నది గురించి ఏం చెప్పినా నమ్మకం కలగదు.

ఒక సాయంత్రం మాస్టారు చిన్న గాజు సీసా ఒకటి అందరి చేతికీ ఇచ్చి చూడమన్నారు. అందులో అగ్గిపుల్లలో సగం పొడవు కూడా లేని ఒక గొట్టం ఉంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే అది ఇసుక రేణువులను ఒకదాని పక్కన ఒకటి అతికించి కట్టిన గూడు. కాడిస్ పురుగు డింభకం తన నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆ గూడు కట్టుకుని, నది అడుగు రాళ్లను పట్టుకుని బతుకుతుంది. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటిపై తేలే రెక్కల పురుగులు కావు, అడుగున ఉండే ఇలాంటి డింభకాలే. అందువల్ల గైడు నదికి చేరగానే ఫ్లై పెట్టె తెరవకుండా, ముందుగా మోకాలిలోతు నీటిలో రాయి ఒకటి తిప్పి చూడాలి. చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుందని, దాని వెనక భాగం దాని చూపుకు అందదని, కాబట్టి దిగువ నుంచి వంగి నడుస్తూ సమీపించాలని, వేగంగా పారే నీరూ నెమ్మదిగా పారే నీరూ కలిసే అంచున, పెద్ద బండల చాటున వెతకాలని పటాలు గీసి వివరిస్తారు.

పట్టిన చేపను వదిలే తీరు నేర్పడానికి ఆయన ఎంచుకున్న ఉపాయం పూర్తిగా మన ఊరిదే. ఫిషింగ్ హార్బరు నుంచి తెల్లవారుజామున తెచ్చిన కానాగడతలను నీళ్ల తొట్టిలో వేసి, కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పటకారుతో నొక్కేసి, దాన్ని చేప నోటికి తగిలించి ఇస్తారు. చేతులు తడుపుకోవాలి, లేకపోతే చేప ఒంటిమీది జిగురు పొర లేచిపోతుంది. చేపను నీటిపైకి ఎత్తకుండా, మొప్పల దగ్గర వేలు పెట్టకుండా కొక్కెం తీయాలి. ఫోటో కోసం అతిథి తొందరపెడుతున్నట్టు తోటి విద్యార్థి నటిస్తాడు. అతన్ని నొప్పించకుండా ఆపడం కూడా పాఠంలో భాగమే.

లోపాల విషయానికి వస్తే, అన్నిటికన్నా పెద్దది మాస్టారి చేతిలో లేనిది. విశాఖపట్నంలో చల్లని పారే నీరు లేదు. ముడసర్లోవ జలాశయం నగరానికి తాగునీరు ఇచ్చేది, అక్కడ విసరడం ఆయన ఒప్పుకోరు. ఆనందపురం వైపు ఒక ప్రైవేటు చెరువులో మూడో నెలలో సాధన చేయిస్తారు గానీ, నిలవనీటిలో ఎన్నిసార్లు విసిరినా ప్రవాహం లైన్‌ను ఎలా లాగుతుందో, ఆ లాగుడుకు ఫ్లై అసహజంగా జారి చేపను ఎలా బెదరగొడుతుందో తెలియదు. గైడుకు ఉండవలసిన జ్ఞానంలో సగం నీటిని చదవడమే, అది పచ్చిక మీద రాదు. రెండో లోపం సరిదిద్దుకోగలిగినది. శిక్షణకు ఇచ్చే రాడ్లు బాగున్నాయి, లైన్లలో కొన్నిటి పైపూత మాత్రం పగిలిపోయింది. అలాంటి లైన్ రాడ్ రింగుల్లో సాఫీగా జారదు, కొత్తవారు లోపం తమదేనని నిరుత్సాహపడతారు. ఇక ప్రథమ చికిత్స ఇక్కడ అసలే నేర్పరు. మంచు కరిగిన నీటిలో అతిథిని దింపేవారికి అది తప్పనిసరి కనుక, రెడ్‌క్రాస్ వంటి సంస్థలు ఇచ్చే శిక్షణ విడిగా తీసుకోవాలి. చివర్లో మాస్టారు ఇచ్చే పత్రానికి అధికారిక గుర్తింపు లేదు, ఉందని ఆయన చెప్పుకోరు కూడా. గుర్తింపు కావాలంటే ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నిర్వహించే శిక్షకుల పరీక్షకు వెళ్లవచ్చు. అయితే అది విసురు నేర్పగల సామర్థ్యానికి ఇచ్చే గుర్తింపే తప్ప, నది తెలుసునని ఇచ్చేది కాదు.

తీర్థన్ వారం ఖర్చుతో కూడినదైనా మానుకోవద్దని నా గట్టి అభిప్రాయం. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు నుంచి వచ్చే ఈ నది లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. హిమాచల్ మత్స్యశాఖ అనుమతి పత్రం తీసుకుని మాత్రమే ఇక్కడ చేప పట్టాలి. ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు పూర్తిగా నిషేధిస్తారు. ఆ వారమంతా విద్యార్థులు జంటలుగా ఏర్పడి ఒకరు గైడుగా, ఒకరు అతిథిగా మారుతూ ఉంటారు. మాస్టారు, లోయకు చెందిన ఒక గైడు వెనక నిలబడి గమనిస్తారు. అక్కడి గైడుకు ప్రతి బండ వెనక ఏముందో చిన్నప్పటి నుంచి తెలుసు, మనకు తెలియదు. అందువల్ల ఇక్కడ శిక్షణ పూర్తిచేసినవారు నేరుగా గైడునని చెప్పుకోకుండా, తెలుగు అతిథులను తీసుకువెళ్లి, లోయ గైడుకు చెందవలసిన కూలి ఆయనకు ఇచ్చి, తాము విసురు నేర్పే బాధ్యత తీసుకోవడం సముచితమని నేను భావిస్తున్నాను. పెద్దవయసులో మొదటిసారి రాడ్ పట్టినవారికి తమ భాషలో నిదానంగా చెప్పేవారు పక్కన ఉండటం ఎంత ధైర్యాన్ని ఇస్తుందో అక్కడ కళ్లారా చూశాను.

పది మందికి మించి ఒక బ్యాచ్‌లో చేర్చుకోరు. నవంబరు చివర్లో మొదలయ్యే బ్యాచ్‌లో చేరితే, మార్చిలో నది తెరిచే వేళకు శిక్షణ పూర్తవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో వాన నీటికి నది బురదగా మారుతుంది కనుక వేసవి బ్యాచ్ కన్నా ఇదే మేలు. రాడ్ ముందుగా కొనవద్దు. చేతికి ఏది కుదురుతుందో రెండు నెలల తరువాత గానీ తెలియదు. ముందు అంచు ఉన్న టోపీ, కళ్లకు అడ్డంగా పోలరైజ్డ్ (నీటి మీది మెరుపును తగ్గించే) అద్దాలు మాత్రం మొదటి రోజే తెచ్చుకోవాలి. ఊలు ముక్కతో సాధన చేసే రోజుల్లో కూడా అవి లేనివారిని మాస్టారు పచ్చిక మీదికి రానివ్వరు.