ట్రామా కౌన్సెలింగ్ మొదలుపెట్టేవాళ్లకి ఏది మేలు: సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, ఫోన్‌లోనా?

ముప్పై నలభై ఏళ్లు వచ్చాక కౌన్సెలింగ్‌కి వెళ్దామా అని ఆలోచించేవాళ్లలో చాలామందికి ముందు పట్టుకునే భయం ఒకటే, "వెళ్తే అన్నీ చెప్పాల్సొస్తుందా" అని. చిన్నప్పుడు నాన్న బెల్టు తీసి కొట్టినవి, సెలవులకి వచ్చిన బంధువు చేసిన పాడుపని, యాక్సిడెంట్‌లో కళ్లముందే పోయిన మనిషి, ఏదైనా కావచ్చు. మనసులో మానకుండా ఉండిపోయిన ఇలాంటి గాయాన్నే ట్రామా అంటారు. ఇన్నాళ్లూ "జరిగిందేదో జరిగిపోయింది, వదిలెయ్" అని ఇంటిల్లిపాదీ అంటుంటే నోరు మూసుకుని బతికినవాళ్లకి ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నోరు తెరవాలంటే టెన్షన్ ఉండదా మరి.

సూటిగా చెప్తా. మొదటి రోజే మొత్తం చెప్పమని ఒత్తిడి చేసే చోటు మంచిది కాదు. "ఇది ఇవాళ వద్దండీ" అని మీరు అనగలగాలి, అన్నప్పుడు అవతలివాళ్లు మొహం మాడ్చుకోకుండా ఆపాలి. డిగ్రీలు, పద్ధతులు, ఫీజులు అన్నీ దీని తర్వాతే. కింద చెప్పేవన్నీ ఈ లెక్కతోనే చూశాను.

ముందు సైకియాట్రిస్టా, సైకాలజిస్టా? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చేసి ఆపైన మనోరోగాల్లో చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మందులు రాయరు, కూర్చుని మాట్లాడి పని చేస్తారు. రాత్రిళ్లు రెండు మూడు గంటలకి మించి నిద్రపట్టనివాళ్లు, చచ్చిపోదామన్న ఆలోచన తిరుగుతున్నవాళ్లు, తాగకపోతే సాయంత్రం గడవనివాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. నిద్ర లేని మనిషికి కౌన్సెలింగ్‌లో చెప్పింది తలకెక్కదు. సెర్ట్రలిన్ లాంటి మందులు ఈ బాధకి వాడతారు, కాకపోతే పని కనబడ్డానికి కొన్ని వారాలు పడుతుంది. ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలామ్ అలా కాదు, వేసుకున్న పూటే హాయిగా ఉంటుంది, అందుకే అలవాటైపోతుంది. ట్రామాకి దాన్ని ఎక్కువ కాలం వాడటాన్ని వైద్య మార్గదర్శకాలు ప్రోత్సహించవు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం.

డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ పేరుని మనం తిట్టుగా వాడీ వాడీ అక్కడ ఓపీ చీటీ రాయించుకోవడానికే జనం సిగ్గుపడేలా చేశాం. అక్కడ అనుభవజ్ఞులుంటారు, ఖర్చు దాదాపు ఉండదు. కానీ ఓపీ రద్దీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే, పక్కన ఇంకో పేషెంటు, వాళ్ల తమ్ముడు, మీతో వచ్చిన అత్తగారు, అందరూ అక్కడే నిలబడి ఉండొచ్చు. "నేను ఒక్కదాన్నే మాట్లాడాలి" అని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ విషయాలు గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది, అది ఎవరి దయా కాదు. కాబట్టి నా ఓటు: మందుల కోసం, పరీక్ష కోసం ప్రభుత్వ ఆసుపత్రి బాగానే ఉంటుంది, వారం వారం గంటసేపు కూర్చునే పనికి మాత్రం వీలైతే బయట సైకాలజిస్ట్.

బయట అంటే గంటకి సుమారు 1,000 నుంచి 3,000 రూపాయల దాకా అనుకోండి. ఇక్కడే జాగ్రత్త. "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ శిక్షణ ఉంటుందనుకోవద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, ఫోన్‌లోనే అడగొచ్చు, మంచివాళ్లు నొచ్చుకోరు. ట్రామా కేసులు చూశారా, ఏ పద్ధతిలో చేస్తారు, నేను మధ్యలో తట్టుకోలేకపోతే ఏం చేస్తారు అని కూడా అడగండి. మూడోదానికి జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోవడమే.

మొదటి సిట్టింగ్ ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. నేను వెళ్లిన చోట కౌన్సెలింగ్ చేసే ఆవిడ ముందు అడిగింది నా కథ కాదు, "తలుపు కనబడేలా కూర్చుంటారా, గోడవైపా" అని. నిద్ర, తిండి, వాడే మందులు, తాగుడు, ఇంట్లో ఎవరెవరుంటారు, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపిస్తుందా, ఇవే ప్రశ్నలు. జరిగింది ఒక్క ముక్కలో చెప్తే చాలంది, వివరాలు వద్దంది. మాటల మధ్యలో నాకు అరచేతులు చల్లబడి ఊపిరి పైపైన ఆడుతుంటే, కాళ్లు నేలకి ఆనించి గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పమంది. ఫ్యాను, క్యాలెండరు, నీళ్ల సీసా... ఇదేం పిల్లలాట అనిపించింది, నాలుగో వస్తువుకి ఊపిరి కుదురుకుంది. గోప్యత హద్దులు కూడా మొదటి రోజే చెప్తారు: ప్రాణాపాయం ఉంటే, ఇప్పుడు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా లైంగిక హాని జరుగుతోందని తెలిస్తే (పోక్సో చట్టం ఉంది) వాళ్లు దాచలేరు.

ఇక పద్ధతుల పోలిక. ఈఎండీఆర్ అని వినే ఉంటారు, 1987లో అమెరికన్ సైకాలజిస్ట్ ఫ్రాన్సీన్ షపీరో మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని, అటూ ఇటూ కదిలే చేతినో వెలుగునో కళ్లతో అనుసరించడం. రెండోది మాటలతో, రాతలతో చేసేది, ట్రామా మీద దృష్టి పెట్టిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకునే పద్ధతి). పెద్దవాళ్లకి ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది. ఫలితాల్లో పెద్ద తేడా లేదు, తేడా అంతా మీరు పడే కష్టంలోనే ఉంది. ఈఎండీఆర్‌లో జరిగింది వివరంగా బయటికి చెప్పనక్కర్లేదు, ఇంటికి హోమ్‌వర్క్ పెద్దగా ఉండదు. సీబీటీ రకాల్లో ఒకటైన సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) మామూలుగా 12 సిట్టింగ్‌లు, ఇంటి దగ్గర రాసుకురావాలి. "తప్పు నాదే, నేనే అక్కడికి వెళ్లకుండా ఉండాల్సింది" అన్న మాట ఏళ్ల తరబడి తొలిచేస్తున్నవాళ్లకి నేనైతే సీపీటీనే చెప్తాను, ఎందుకంటే అది సరిగ్గా ఆ మాటనే పట్టుకుని నిలదీస్తుంది. నోట మాట రాని సంగతులకి ఈఎండీఆర్ మేలు. కానీ చెయ్యి ఊపితే చాలనుకునే ఒకరోజు వర్క్‌షాప్ వాళ్ల దగ్గర కాదు, అందులో ఎనిమిది దశలున్నాయి, కళ్లు కదిపే భాగానికి ముందే మిమ్మల్ని సిద్ధం చేసే దశలున్నాయి.

ఒకే ఒక్క సంఘటన, అంటే యాక్సిడెంట్ లాంటిదైతే త్వరగానే అసలు పనిలోకి దిగొచ్చు. చిన్నప్పట్నుంచీ ఏళ్లపాటు నడిచిన హింస అయితే ముందు నిలదొక్కుకోవడం, తర్వాతే గతం అంటారు. అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ 1990ల మొదట్లో చెప్పిన మూడు దశల్లో మొదటిది భద్రతే. ఈ మొదటి దశ ఎంత కాలం ఉండాలన్న దానిమీద నిపుణుల్లోనే వాదన ఉంది, కొందరు నేరుగా మొదలుపెట్టినా చాలామంది తట్టుకుంటారంటారు. ఆరు నెలలైనా ఊపిరి వ్యాయామాల దగ్గరే ఉన్నారంటే "అసలు పని ఎప్పుడు" అని అడగడంలో తప్పేం లేదు.

ఎదురుగానా, ఫోన్‌లోనా? ఊళ్లో ఎవరూ లేనివాళ్లకి, బయట దేశంలో ఉండి తెలుగులో ఏడవాలనుకునేవాళ్లకి ఆన్‌లైన్ వరమే. అయితే అమెరికాలో ఉంటే, థెరపిస్ట్‌కి మామూలుగా మీరున్న రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి, అది కనుక్కోండి. మన ఇళ్లలో అసలు గొడవ గది. పల్చటి తలుపు, అవతల టీవీ చూస్తున్న మామగారు, ఇవతల మీరు గొంతు తగ్గించి బాల్యం చెప్పుకోవడం కుదిరే పని కాదు. పార్క్ చేసిన కార్లోంచి మాట్లాడేవాళ్లున్నారు, అది ఎంతో నయం. మొదటి కొన్ని సిట్టింగ్‌లు మాత్రం ఎదురుగా ఉంటే మేలంటాను, మీరు స్తంభించిపోతే స్క్రీన్‌లో భుజాల పైభాగమే కనబడుతుంది, చేతులు వణకడం కనబడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేరే పనికి. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి తట్టుకోలేనప్పుడు, ఎక్కడికి వెళ్లాలో తెలీనప్పుడు చెయ్యండి, వారం వారం థెరపీకి బదులు అనుకోకండి.

సిట్టింగ్ అయిన రోజు పీడకలలు, నీరసం, చిరాకు మామూలే, ఆ సాయంత్రం ఆఫీసు మీటింగ్ పెట్టుకోవద్దు. అదే రోజుల తరబడి ఉంటే, తాగుడు పెరిగితే వేగం తగ్గించమని చెప్పండి. "అమ్మానాన్నలేగా, క్షమించేయండి" అని థెరపిస్ట్ రెండో సిట్టింగ్‌లోనే అన్నా, మీరు చెప్పింది మీ ఆయన చెవిన వేసినా మానేయండి, మర్యాదకి మళ్లీ వెళ్లక్కర్లేదు.

కొట్టేవాడు ఇంకా అదే ఇంట్లో ఉంటే ఈ పోలికలన్నీ తర్వాత. ముందు 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రం, 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు. సఖి కేంద్రంలో ఉండడానికి తాత్కాలికంగా చోటు, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి, ఫీజు అడగరు.