ట్యాలీలో నాకు నచ్చింది రెండు మీటలు

గుంటూరు మిర్చి యార్డులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తెలియని కమీషన్ దుకాణం ఉండదు కాబట్టి అది ఏమేమి చేస్తుందో ఏకరువు పెట్టను. ధర, లైసెన్సు, జీఎస్టీ రిటర్నుల సంగతి అమ్మేవాళ్లే చెబుతారు. ఏళ్ల తరబడి దాని ముందు కూర్చున్న గుమాస్తాగా నేను చెప్పేది కీబోర్డు మీది ఆల్ట్, సీ మీటల గురించి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు తల ఎత్తే తీరిక ఉండదు. ఒక పక్క కాటా అయిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల చీటీలు, మరో పక్క పట్టీ, అంటే అమ్మకం లెక్క కాగితం కోసం నిలబడ్డ రైతులు. ట్యాలీలో ఓచరు, అంటే ఆ లావాదేవీ పద్దు మొదలుపెట్టాక గానీ ఆ రైతుకు మన దగ్గర ఖాతా లేదని తెలియదు. ఆల్ట్ పట్టుకుని సీ నొక్కితే అక్కడికక్కడే కొత్త లెడ్జర్, అంటే ఖాతా తెరుచుకుంటుంది. పేరు కొట్టి, సండ్రీ క్రెడిటర్స్ (మనం సొమ్ము ఇవ్వాల్సినవాళ్లు) కింద పెట్టి, కంట్రోల్, ఏ నొక్కితే మళ్లీ అదే ఓచరులో, అదే గడిలో ఉంటాం. అప్పటిదాకా రాసింది ఒక్క అక్షరం చెదరదు. అవే రెండు మీటలు సొమ్ము గడిలో నొక్కితే క్యాలిక్యులేటర్ వస్తుంది. హమాలీ ఎంతయిందో అక్కడే గుణించి ఎంటర్ కొడితే జవాబు గడిలోకి వచ్చి కూర్చుంటుంది. పేరు దగ్గర ఆగినవాడికి కొత్త పేరు కావాలి, అంకె దగ్గర ఆగినవాడికి లెక్క కావాలి. ఎవరో మన పక్కన నిలబడి చూసి చేసినట్టు ఉంటుంది. శ్యాంసుందర్ గోయెంకా తన వ్యాపారానికి సరిపడే ప్రోగ్రాము దొరక్క, కొడుకు భరత్ గోయెంకాతో 1986లో రాయించుకున్నది ఇది. దుకాణం ఉన్న ఇంట్లో పుట్టింది మరి.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది అది లేనప్పుడే. ఆ మధ్య ఒక సీజనులో మా యజమాని గారి అబ్బాయి ముచ్చటపడి వేరే బిల్లింగ్ యాప్ తెచ్చాడు. పేరెందుకు లెండి. చూడటానికి పెళ్లి శుభలేఖలా ఉండేది. మాచర్ల వైపు నుంచి ఒక పెద్దాయన తేజ మిర్చి తెచ్చారు. సరుకు నాణ్యతను బట్టి లాట్లుగా విడిపోయి ఒక్కోదానికి ఒక్కో ధర పడింది. తూకాలు, తరుగు, హమాలీ, లారీ కిరాయి అన్నీ ఎక్కించి చివర్లో పేరు కోసం చూస్తే లేదు. కొత్త ఖాతా అని నొక్కాను. వేరే పేజీకి తీసుకుపోయి, ఫోను నంబరు ఇస్తే గానీ కదలనంది. ఆయనకు నంబరు నోటికి రాదు. కొడుకుకు ఫోను చేసి కనుక్కునేలోపు యాప్ మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. లోపలికి వెళ్లి చూస్తే బిల్లు ఖాళీ. "బస్సు పోతుంది నాయనా, కాగితం మీద రాసివ్వరాదా" అన్నారాయన. అలాగే రాసిచ్చాను. సాయంత్రం ఆ కాగితాన్ని ట్యాలీలో ఎక్కించాను. యజమాని గారు ఒక్క మాటా అనలేదు గానీ ఆ యాప్ చందా మళ్లీ కట్టలేదు.

ఇక 2020లో ట్యాలీ ప్రైమ్ అనే కొత్త రూపు వచ్చి మెనూల రూపం మారింది. కంట్రోల్, ఎఫ్8లో ఉండే క్రెడిట్ నోటు (అమ్మిన సరుకు వెనక్కొస్తే రాసేది) ఆల్ట్, ఎఫ్6కు పోయింది. కొన్నాళ్లు వేళ్లు తడబడ్డాయి. ఎఫ్4 నుంచి ఎఫ్9 దాకా చెల్లింపు, వసూలు, అమ్మకం, కొనుగోలు లాంటి రోజూ వాడేవి కదపలేదు, బతికించారు.

ఆల్ట్, సీని ఇంత పొగిడాను గానీ, ఖాతా తెరవడం అంత సులువు కావడం కూడా అన్నిసార్లూ మంచిది కాదు. మా దగ్గర పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. వెంకటేశ్వర్లు అన్న పేరును ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. జాబితాలో కనిపించకపోతే వెతికే ఓపిక ఎవరికి? ఆల్ట్, సీ. మార్చి నెలాఖరున చూస్తే ఒకే రైతు ఒక ఖాతాలో మనకు బాకీ, ఇంకో ఖాతాలో మనం ఆయనకు బాకీ. ఇప్పుడు పేరు పక్కన ఊరు, తండ్రి పేరు లేకుండా ఖాతా తెరవకూడదని మా దుకాణంలో నియమం.

రోజంతా కీబోర్డు మీదే చేతులుండే నాలాంటివాడికి ఇది అన్నివిధాలా సరిపోయింది. యజమాని గారి అబ్బాయి మాత్రం ఇప్పటికీ దీని ముందు కూర్చుంటే మౌస్ వెతుక్కుంటాడు. రోజుకు నాలుగు బిల్లులు కొట్టే దుకాణానికైతే నేను దీన్ని కొనమని చెప్పను. కొన్నవాళ్లు మాత్రం సీజనులో మొదలుపెట్టకండి. మే నెలలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు పాత చీటీలు ముందేసుకుని చేయి అలవాటు చేసుకోండి.