ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం: బోరాక్స్ పొడి, పదును చేసిన తోలు, చేపలకు ఫైబర్‌గ్లాస్ పోత

చట్టం అనుమతించిన వేట జంతువుల తలలను, చేపలను గోడకు అమర్చేలా భద్రపరిచే ట్యాక్సిడెర్మీలో నేను ఏళ్ల తరబడి మూడు పద్ధతులను పక్కపక్కనే వాడుతూ వచ్చాను. మొదటిది పచ్చి చర్మం లోపలి వైపు బోరాక్స్ పొడి పట్టించి, నేరుగా ఆకృతి (జంతువు ఒంటి రూపంలో చేసిన లోపలి దిమ్మ) మీద తొడిగే పద్ధతి. రెండోది చర్మాన్ని ఉప్పు కలిపిన ఆమ్లంలో నానబెట్టి, పలుచగా చెక్కి, పూర్తిగా పదును చేశాకే, అంటే కుళ్లని తోలుగా మార్చాకే, తొడిగే పద్ధతి. మూడోది చేపలకు మాత్రమే పనికివచ్చేది. అసలు చర్మాన్ని వదిలేసి, ఫైబర్‌గ్లాస్‌తో పోత పోసి రంగులు వేయడం. ఏ పద్ధతిలో చేసినా పని ముగిసిన రోజున అన్నీ ఒకేలా అందంగా కనిపిస్తాయి కాబట్టి, ఎండాకాలపు పొడిగాలినీ వానాకాలపు చెమ్మనూ పలుమార్లు తట్టుకున్న తరువాతే వాటి మధ్య తేడా తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: బొచ్చున్న జంతువుకు పదును చేసిన తోలు తప్ప వేరే మార్గం వద్దు. చేప విషయంలో మాత్రం దాని చర్మంలో, తలలో ఎంత నూనె ఉందో చూసి నిర్ణయించుకోవాలి.

బోరాక్స్ మీద చాలామందికి ఉన్న నమ్మకం దాని స్వభావాన్ని మించినది. అది చర్మాన్ని ఆరబెడుతుంది, పురుగులను కొంతవరకు దూరం పెడుతుంది, అంతే. చర్మంలోని పీచును మార్చి తోలుగా చేసే శక్తి దానికి లేదు. పచ్చి చర్మం ఆరేకొద్దీ బలంగా ముడుచుకుంటుంది, ఆ లాగుడు అంతా పెదవుల అంచుల మీద, కనురెప్పల మీద, ముక్కు రంధ్రాల చుట్టూ, మెడ వెనుక కుట్టు మీద పడుతుంది. ఈ పద్ధతిలో తొడిగిన తలలు మొదట్లో చక్కగానే ఉన్నాయి. తరువాత గాలిలో చెమ్మ పెరిగినప్పుడు చర్మం సడలడం, తగ్గినప్పుడు మళ్లీ బిగుసుకోవడం జరుగుతూ, కుట్టు వెంట సన్నని చీలికలు తేలాయి, చెవుల అంచులు లోపలికి చుట్టుకున్నాయి, కంటి మూలల్లో రెప్ప ఆకృతి నుంచి విడిపోయింది. పక్షుల విషయం వేరు. వాటి చర్మం ఎంతో పలుచన, పైగా ఈకలు చిన్న లోపాలను కప్పేస్తాయి. పక్షులకు నేను ఇప్పటికీ బోరాక్సే వాడుతున్నాను, మార్చుకోవలసిన అవసరం కనిపించలేదు.

పదును చేసిన తోలు ఫలితం ఇవ్వాలంటే జాగ్రత్త మొదటి గంటల నుంచే మొదలవుతుంది. జంతువు చనిపోయిన క్షణం నుంచి చర్మంలో బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. వెంట్రుకల కుదుళ్లు వదులై బొచ్చు కుచ్చులుగా ఊడిపోవడానికి కారణం అదే, ఒకసారి వదులైన కుదురును ఏ రసాయనమూ తిరిగి బిగించలేదు. అందుకే మాంసం, కొవ్వు పూర్తిగా గీసేసి, చెవులను లోపలి నుంచి తిరగేసి, పెదవులను, ముక్కును చీల్చి విప్పి, అయోడిన్ కలపని సన్నని ఉప్పును చర్మం బరువుకు దాదాపు సమానంగా రుద్దాలి. మరునాడు ఆ తడిసిన ఉప్పు దులిపేసి కొత్తది పట్టించాలి. గీయకుండా ఉప్పు వేస్తే మాంసం పొర కిందికి ఉప్పు దిగదు, ఊడిపోయే చోటు సరిగ్గా అక్కడే తయారవుతుంది.

ఆ తరువాతి ఆమ్లపు నాన ఈ పద్ధతికి గుండెకాయ. లీటరు నీటికి సుమారు 120 గ్రాముల ఉప్పు కరిగించి, అందులో ఫార్మిక్ లేదా సిట్రిక్ ఆమ్లం కలిపి, పీహెచ్ విలువ 2.5 దాటకుండా రోజూ పరీక్షా పట్టీతో చూసుకుంటూ కనీసం 3 రోజులు ఉంచుతాను. ఉప్పు లేని ఆమ్లంలో చర్మం ఉబ్బి పాడవుతుంది కాబట్టి ఈ రెండూ కలిసే ఉండాలి. నానిన చర్మం తెల్లగా, దిటవుగా మారుతుంది. దాన్ని కత్తితోనో చెక్కే యంత్రంతోనో పలుచగా చెక్కి, మళ్లీ అదే ద్రావణంలో వేసి, చివరకు వంటసోడా నీటిలో కొద్దిసేపు ఉంచి ఆమ్లాన్ని తగ్గించాక పదును మందు పెట్టాలి. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక అడిగేది, ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ చెక్కడమే. ముఖం దగ్గర చర్మం మందంగా మిగిలితే కింద ఎంత చక్కని కండరం మలిచినా పైకి కనిపించదు, ఆరేటప్పుడు ముడుచుకునే గుణమూ దానికే ఎక్కువ. మందుల్లో పటిక పాత పద్ధతి; తోలు తెల్లగా వస్తుంది కానీ సాగదు, నీరు తగిలితే పటిక కొంత కడుక్కుపోతుంది. కృత్రిమ పదును మందులతో చేసిన తోలు బాగా సాగుతుంది, ఆకృతి మీద జరిపి సర్దుకోవడానికి వీలిస్తుంది. నేను తొడిగిన వాటిలో కుట్లు ఈనాటికీ కదలకుండా ఉన్నవన్నీ ఈ రకం తోళ్లే.

లోపలి ఆకృతి గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు చర్మంలో గడ్డి, పీచు కుక్కి నింపేవారు. అమెరికా శిల్పి కార్ల్ ఏక్లీ కండరాలను మట్టితో మలిచి, అచ్చు తీసి, తేలికైన బోలు ఆకృతి చేసి దానిమీద చర్మం తొడిగే విధానాన్ని పరిపూర్ణం చేశారు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1936లో తెరిచిన ఆఫ్రికా క్షీరదాల హాలుకు ఆయన పేరే ఉంది. ఇప్పుడు దొరికే పాలియురెథేన్ ఫోమ్ ఆకృతులు ఆ ఆలోచనకు వారసులే. వాటిని ఎంచుకోవడానికి కంటి ముందు మూల నుంచి ముక్కు కొన దాకా ఉన్న దూరం, చెవుల వెనుక మెడ చుట్టుకొలత, ఈ రెండు కొలతలనూ చర్మం తీసేటప్పుడే రాసుకోవాలి. పదును చేశాక సాగిన తోలును కొలిచి ఆకృతి తెప్పించుకుంటే మెడ ఉబ్బిపోయి కనిపిస్తుంది. ఫోమ్ పైన ఉండే నున్నటి పొరను ఆకురాయితో గరుకు చేయకపోతే జిగురు పట్టదు, కండరాల మధ్య పల్లాల్లో తోలు డప్పులా లేచిపోతుంది. ఇంత చేసినా చూసేవారి దృష్టి చివరికి కళ్ల మీదే నిలుస్తుంది. జింక కంటిపాప అడ్డంగా ఉండే పట్టీ. తల ఎటు వంచినా అది నేలకు సమాంతరంగా ఉండేటట్టు గాజు కన్ను అమర్చాలి, లేకపోతే ఎంత మంచి తోలైనా ముఖంలో జీవం రాదు. ఆరే 2, 3 వారాల్లో రోజూ పెదవులు, రెప్పలు చూసి, లేచిన చోట గుండుసూదితో నొక్కి పెట్టడం నేను ఎన్నడూ మానను.

నిర్వహణ పెద్ద భారం కాదు. నేరుగా ఎండ పడని, పొయ్యి సెగ తగలని గోడ, బొచ్చు వాలు వెంట మెత్తని కుంచెతో దులపడం చాలు. తోలు పురుగో చిమ్మటో పట్టిన జాడ ఉంటే, ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర 2 వారాలు ఉంచి, బయటి వేడికి పూర్తిగా వచ్చాకే సంచి విప్పాలి. పాతకాలపు తలలను మాత్రం చేతి తొడుగులు, మాస్కు లేకుండా తాకవద్దు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బెకూర్ రూపొందించిన ఆర్సెనిక్ సబ్బు 20వ శతాబ్దంలోనూ చాలాకాలం వాడుకలో ఉంది, ఆ విషం కాలంతో తగ్గేది కాదు.

చేప దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. చేప రంగు చనిపోయిన నిమిషాల్లోనే వాడిపోవడం మొదలవుతుంది, ఆరిన చర్మంలో మిగిలేది పొలుసుల గుర్తులు, గోధుమరంగు మచ్చలు మాత్రమే. అంటే అసలు చర్మం వాడినా, పోత వాడినా రంగంతా మనం వేసేదే. కాబట్టి నీటి నుంచి తీసిన వెంటనే రెండు వైపులా తీసిన ఫొటోలు, పొడవు, చుట్టుకొలత అన్నిటికంటే విలువైనవి. పెద్ద పొలుసులు, తక్కువ నూనె ఉన్న బాస్ వంటి మంచినీటి చేపలకు అసలు చర్మం నాకు మంచి ఫలితమే ఇచ్చింది. గోడవైపు ఉండే పక్క కోసి, చెంపల్లోని మాంసం సహా అంతా తీసి, డిటర్జెంట్‌తో జిడ్డు వదలగొట్టి, బోరాక్స్ పట్టించి, చెక్కిన ఫోమ్ మీద తొడిగి, రెక్కలను విప్పి రెండు అట్టముక్కల మధ్య బిగించి ఆరబెట్టాలి. కుదించుకుపోయే చెంపలను ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు) ముద్దతో నింపుకోవాలి. ట్రౌట్, సాల్మన్ విషయంలో ఇదే శ్రమ నిలవలేదు. తల ఎముకల్లో మిగిలిన నూనె కొన్నేళ్లకు రంగు కిందనుంచి పసుపు మరకగా ఊరుతుంది, తుడిచి మళ్లీ రంగు వేసినా మళ్లీ వస్తుంది. తలకు మాత్రం పోత ముక్క పెట్టి ఒళ్లంతా అసలు చర్మం ఉంచడం మధ్యేమార్గం, అది కొంత మెరుగు.

ఫైబర్‌గ్లాస్ పోతలో నూనె లేదు, ముడుత లేదు, పురుగుకు తినడానికేమీ లేదు. రెక్క విరిగినా అతికించవచ్చు. లోపం ఒక్కటే: అచ్చు మరో చేపది కాబట్టి, మన చేప రెక్కకున్న పాత గాటు, దవడ వంపు అందులో ఉండవు. వాటిని ఫొటో చూసి మలుచుకోవాలి. రంగును ఎయిర్‌బ్రష్‌తో పలుచని, పారదర్శకమైన పొరలుగా వేసి, మధ్యలో ముత్యంలా మెరిసే రంగుపొడి కలిపిన పొరలు చేర్చి, చివర నిగనిగలాడే పూత పూస్తే పొలుసుల మెరుపు చూసే కోణాన్ని బట్టి మారుతుంది. ఒకే దట్టమైన పూతతో ఆ మెరుపు రాదు. ఇప్పుడు ట్రౌట్, సాల్మన్‌లతో పాటు ఎముకలకు బదులు మృదులాస్థి ఉండే సొరచేపలకు కూడా నేను పోతనే ఎంచుకుంటున్నాను. దీనికి చేపను చంపవలసిన పని లేదు; పొడవు, చుట్టుకొలత, రెండు ఫొటోలు తీసుకుని దాన్ని తిరిగి నీటిలో వదిలేయవచ్చు.