మంగళగిరి దారిలోని టమాటా నర్సరీ: నారు మేలు, సలహాలోనే లోటు

గుంటూరు నుంచి మంగళగిరి వెళ్లే దారిలోని ఒక షేడ్‌నెట్ (ఎండ తగ్గించే వల పందిరి) నర్సరీలో నిరుడు కార్తికంలో ఎకరానికి సరిపడా సంకర టమాటా నారు కొన్నాను. నారు విషయంలో వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లేలలో) కొబ్బరిపొట్టు నింపి పెంచిన 25 రోజుల మొక్కను కాండం పట్టి లాగితే, తెల్లని వేళ్లు అల్లుకున్న గడ్డ చెదరకుండా మొత్తం ఊడివచ్చింది. నాటాక చచ్చిపోయిన మొక్కలు చాలా తక్కువ.

నా అభ్యంతరమంతా నారుతోపాటు ఇచ్చిన సలహా మీదనే. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల దూరం లెక్కన ఎకరాకు 15,000 మొక్కలు అమ్మారు. పొట్టిగా గుబురుగా పెరిగి త్వరగా కాపు ముగించే రకాలకు ఆ దూరం సరిపోతుంది గాని, కర్రలు పాతి, తీగ కట్టి, నెలల తరబడి కోసే రకాలకు చాలదు. నేను వేసింది ఈ రెండో తరహాదే. అందుకే సగం పొలంలో వారు చెప్పినట్టే నాటి, తక్కిన సగంలో సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు వదిలాను. ఈ దూరానికి ఎకరాకు సుమారు 7,500 మొక్కలే పడతాయి కాబట్టి, కొన్న నారులో పావు వంతు మిగిలిపోతే పక్క పొలం బాబాయికి ఇచ్చేశాను.

దగ్గరగా నాటిన సగంలో మొదటి రెండు కోతలు ఎక్కువే వచ్చాయి. ఆ తర్వాత మొక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఉదయం తొమ్మిది దాటినా కింది ఆకుల మీద మంచు ఆరక, వలయాలు వలయాలుగా మచ్చలు పడి ఆకులు మాడాయి. మందు కొట్టడానికి మనిషి సాళ్లలోకి దూరలేకపోయాడు. కోతలన్నీ ముగిశాక రెండు సగాల మొత్తం దిగుబడిలో పెద్ద తేడా లేదు గాని, ఎడంగా నాటిన వైపు పెద్ద కాయల ట్రేలు ఎక్కువ, నారు ఖర్చు సగమే.

మొక్కలు ఎక్కువ గనుక యూరియా కూడా పెంచమని వారిచ్చిన కాగితంలో ఉంది. నాలుగు సాళ్లలో అలాగే వేసి చూశాను. ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా వచ్చింది, పూత రాలింది, నిలిచిన కాయల్లో చాలావాటికి అడుగున రూపాయి బిళ్లంత నల్లమచ్చ లోపలికి కుంగింది. అది కాయకు కాల్షియం అందక వచ్చే కుళ్లు. యూరియా ఇచ్చే నత్రజని మితిమీరినా, మా నల్లరేగడిలో ఒకసారి బాగా ఆరనిచ్చి ఒకేసారి నీరు పారించినా ఎక్కువవుతుంది. మిగిలిన పొలానికి ఎకరా లెక్కన దుక్కిలో డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) ఒక బస్తా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు వేసి, రెండున్నర బస్తాల యూరియాను నాటిన 30, 45, 60 రోజులకు మూడు దఫాలుగా పైపాటు వేశాను. అక్కడ ఈ మచ్చ ఎక్కడో ఒకటి తప్ప కనబడలేదు.

నారు అడిగిన రైతును ఏ రకం వేస్తున్నారు, కర్రలు కడతారా అని ముందు అడిగి, ఆ తర్వాతే మొక్కల లెక్క చెబితే ఈ నర్సరీకి వంక పెట్టడానికి ఏమీ ఉండదు. ఈ ఏడాది కూడా నెల ముందుగా అక్కడే చెప్పి పెట్టాను, ఎకరాకు 7,500 మొక్కలే.